ఎక్కడైనా ఉండొచ్చు, అందరం అక్కడే

గన్నవరం సెంటర్లో ఏ టీకొట్టు దగ్గర ఆగినా బిస్కట్ సీసాల పక్కన ఒక క్యూఆర్ స్టిక్కర్ అతికించి ఉంటుంది. ఆ స్టిక్కర్ ఒక కంపెనీది. డబ్బు కట్టేవాడి ఫోన్లోని యాప్ ఇంకో కంపెనీది కావచ్చు. అతని ఖాతా ఒక బ్యాంకులో, కొట్టు యజమాని ఖాతా మరో బ్యాంకులో ఉండొచ్చు. అయినా పది రూపాయలు క్షణంలో చేరిపోతాయి, చేరిన సంగతి సౌండ్ బాక్స్ గట్టిగా చెబుతుంది. 2016లో మొదలైన యూపీఐని కట్టిందే ఇలా. అవతలివాడి యాప్‌నే మనమూ వాడాలన్న నిర్బంధం లేదు, ఎవరి ఇష్టం వారిది. అయినా దేశంలో జరిగే యూపీఐ లావాదేవీల్లో నూటికి 80కి పైగా ఫోన్‌పే, గూగుల్ పే అనే రెండు యాప్‌ల గుండానే సాగుతున్నాయి. ఏ యాప్ వాటా కూడా 30 శాతం దాటకూడదని యూపీఐని నడిపే ఎన్‌పీసీఐ 2020 నవంబరులో పరిమితి పెట్టింది. అమలు గడువును వాయిదా వేస్తూ 2026 డిసెంబరు ఆఖరు దాకా తీసుకొచ్చింది. పరిమితి కాగితం మీదే ఉంది. జనం ఆ రెండు యాప్‌ల దగ్గరే ఉన్నారు.

పైకి ఇది వ్యాపార విషయంలా కనిపిస్తుంది కానీ, లోపల ఒక పాత ప్రశ్న ఉంది. బలవంతం ఉన్నచోట మనుషులు ఒకేచోట పోగయితే కారణం వెతకనక్కర్లేదు. ఎవరి దారి వారు చూసుకునే వీలుండి కూడా అందరూ ఒకే గుమ్మం దగ్గర చేరితే, కారణం మన స్వభావంలో ఉందా, లేక మనకు స్వేచ్ఛ అని ఇచ్చినదాన్ని కట్టిన తీరులో ఉందా? దీన్ని తేల్చుకోవాలంటే, జనం ఒకేచోట పోగవకూడదనే ఉద్దేశంతోనే కట్టిన వ్యవస్థ ఒకదాన్ని పరిశీలించడం మంచిది.

మాస్టొడాన్ అలాంటిది. జర్మనీలో యూజెన్ రోచ్కో అనే యువకుడు 2016లో మొదలుపెట్టిన సామాజిక మాధ్యమం ఇది. చూడటానికి ట్విట్టర్‌లాగే ఉంటుంది, మొత్తానికి కలిపి ఒక యజమాని మాత్రం లేడు. ఆ సాఫ్ట్‌వేర్‌ను ఎవరైనా తీసుకుని సొంత సర్వర్ నడుపుకోవచ్చు. అది ఒక కాలేజీ కావచ్చు, ఒక పత్రిక కావచ్చు, ఒంటరి మనిషైనా కావచ్చు. ఒక సర్వర్‌లో ఉన్నవారు వేరే సర్వర్‌లోని వారిని ఫాలో కావచ్చు, జవాబివ్వొచ్చు. ఇందుకు వాడే యాక్టివిటీపబ్ అనే ఉమ్మడి పద్ధతిని 2018 జనవరిలో వరల్డ్ వైడ్ వెబ్ కన్సార్టియం ప్రమాణంగా ఆమోదించింది. 2019 చివర్లో సుప్రీంకోర్టు న్యాయవాది సంజయ్ హెగ్డే ఖాతాను ట్విట్టర్ నిలిపేసినప్పుడు, దానికి నిరసనగా మన దేశం నుంచి చాలామంది మాస్టొడాన్‌కు వెళ్లారు. 2022 అక్టోబరులో ఎలాన్ మస్క్ ట్విట్టర్‌ను కొన్నాక ప్రపంచం నలుమూలల నుంచీ లక్షలమంది వెళ్లారు. ఒక్క యజమాని చిత్తానికి తలవంచలేక బయటికొచ్చినవారు వీళ్లు. ఎంచుకోవడానికి వేల సర్వర్లున్నాయి. తీరా చూస్తే ఎక్కువమంది కొద్దిపాటి పెద్ద సర్వర్లలోనే, అందులోనూ అప్పట్లో రోచ్కో బృందమే నడిపిన మాస్టొడాన్ డాట్ సోషల్‌లోనే చేరారు. ఆ వలసను పరిశీలించిన పరిశోధకులకు ఇంకో విచిత్రమూ కనిపించింది. చిన్న సర్వర్లలో చేరినవారే తలసరిన ఎక్కువ రాస్తున్నారు. అంటే చిన్నచోట బతుకు పలచనేమీ కాదు. అయినా జనం అటు పోలేదు.

మొదట తోచే జవాబు గొర్రెదాటు. జనానికి ఆలోచించే ఓపిక లేదు, ముందువాడు ఎటు పోతే వెనకవాడూ అటే అంటాం. ఈ జవాబు చెప్పేవారికి హాయిగా ఉంటుంది, ఎందుకంటే ఆ మందలో తమను కలుపుకోరు. కాని పరీక్షిస్తే నిలవదు. తొలినాళ్లలో మాస్టొడాన్‌లో చేరబోయేవారికి ఎదురయ్యే మొదటి ప్రశ్నే ‘ఏ సర్వర్?’ అని. ఒక్క మాటైనా రాయకముందే, అక్కడెవరుంటారో తెలియకముందే, వేల పేర్ల జాబితాలోంచి తన ఇరుగుపొరుగును, తన నియమాలను, తనపై పెత్తనం చేయగల నిర్వాహకుణ్ని ఎంచుకోమంటే కొత్తవాడు ఏం చేస్తాడు? కొందరు పేజీ మూసేశారు. మిగిలినవారు ఎక్కడో విన్న పేరు నొక్కారు. 2023 మేలో మాస్టొడాన్ యాప్ తయారీదారులే తమ సర్వర్‌ను మొదటి బటన్‌గా పెట్టేశారు.

ఇలాంటిదే మన నెట్ సెంటర్లలో రోజూ జరుగుతుంది. ఈఏపీసెట్ దరఖాస్తు నింపడానికి ఊరి నుంచి వచ్చిన పిల్లకు ఈ-మెయిల్ ఉండదు. కౌంటర్లో కుర్రాడు రెండు నిమిషాల్లో జీమెయిల్ ఖాతా తెరిచి, పాస్‌వర్డ్‌ను జెరాక్స్ కాగితం వెనక రాసిస్తాడు. ఈ-మెయిల్ కూడా ఎవరి సర్వర్ వాళ్లు నడుపుకోగల వ్యవస్థేనని, వేరే దారులున్నాయని ఆ పిల్లకు చెప్పినవారు లేరు. ఆమె బద్ధకించిందని ఎలా అంటాం? తేడా తెలియనివాడి ముందు వంద దారులు పరిస్తే వాడికి స్వేచ్ఛ వంద రెట్లు పెరగదు. దారి అడిగే భారం మాత్రం పెరుగుతుంది.

రెండో జవాబు, ఇదంతా పెద్ద కంపెనీల మాయ అని. ఇందులో కొంత నిజముంది. యూపీఐ కొత్తలో క్యాష్‌బ్యాక్‌లు ఎర వేశాయి. ఆండ్రాయిడ్ ఫోన్ కొంటే జీమెయిల్ దానితోపాటే వస్తుంది. కాని ఇదే మొత్తం కారణమైతే, ఎర లేనిచోట జనం పోగవకూడదు. మాస్టొడాన్ డాట్ సోషల్‌లో ప్రకటనలు లేవు. రద్దీ తట్టుకోలేక కొత్త చేరికలను ఆపేసిన సందర్భాలున్నాయి. యాజమాన్యాన్ని లాభాపేక్షలేని సంస్థకు అప్పగిస్తామని 2025 జనవరిలో వాళ్లే ప్రకటించారు. పోగేసుకోవాలన్న ఆశ లేనివారి దగ్గరా జనం పోగయ్యారు. కాబట్టి దుర్బుద్ధి ఒక్కటే కారణమని తీర్పు చెప్పి చేతులు దులుపుకోలేం.

మూడో కారణం ఆ యంత్రం నడిచే తీరులోనే ఉంది. ఒక సర్వర్‌కు వెలుపలి సర్వర్ల రాతలు ఎక్కువగా తన సభ్యులు ఫాలో అవుతున్నవారి నుంచే వస్తాయి. ముప్పైమంది ఉన్న సర్వర్‌లో చేరి ప్రకాశం బ్యారేజీ అని వెతికితే రెండు పోస్టులు కనిపించొచ్చు, ఒక్కటీ కనిపించకపోవచ్చు. పెద్ద సర్వర్‌లో అదే మాట వెతికితే వరద నీటిమట్టం దగ్గర్నుంచి ఫొటోల దాకా వస్తాయి. ఒకే పోస్టు కింద ఇక్కడ నాలుగు జవాబులు కనిపిస్తే అక్కడ నలభై కనిపించొచ్చు. కొత్తవాడికి చిన్నచోటు బోసిగా తోస్తుంది, తన మాట వినేవారు లేరనిపిస్తుంది. ఎక్కువ సంబంధాలున్న చోటికే కొత్త సంబంధాలు ఎక్కువగా చేరతాయని, అందువల్లే కొన్ని కేంద్రాలు ఊహకందనంత పెద్దవవుతాయని బారబాసి, ఆల్బర్ట్ అనే శాస్త్రవేత్తలు 1999లో గణితంతో చూపించారు. అందుకు ఎవరూ కుట్ర చేయనక్కర్లేదు.

నాలుగోది నమ్మకం. చిన్న సర్వర్‌ను నడిపేది సాధారణంగా ఎక్కడో ఉద్యోగం చేసుకునే ఒక మనిషి. అద్దె తన జేబులోంచి కడతాడు. అర్ధరాత్రి వచ్చిన బూతు పోస్టులను, ఫిర్యాదులను తనే చూస్తాడు. ఎన్నాళ్లు చూస్తాడు? వేలమంది సభ్యులున్న మాస్టొడాన్ డాట్ లోల్‌ను దాని నిర్వాహకుడు విసిగిపోయి 2023లో మూసేశాడు. వేరేచోటికి మారితే ఫాలోవర్లను వెంట తీసుకెళ్లొచ్చు. అప్పటిదాకా రాసిన పోస్టులు మాత్రం కొత్తచోటికి రావు. ఇవన్నీ తెలిసిన వివేకవంతుడు కూడా పెద్ద సర్వర్‌నే ఎంచుకుంటాడు. ఇక్కడ ముడి బిగుస్తుంది. ఒక్కొక్కరూ సరిగ్గానే ఆలోచిస్తున్నారు, అందరి ఆలోచనా కలిసి వారెవరూ కోరుకోనిదాన్ని తయారుచేస్తోంది. వివేకం ఎవరికి వారుగా పనిచేసినప్పుడు చాలని చోట్లు ఉన్నాయని ఒప్పుకోక తప్పదు.

కృష్ణా డెల్టాలో పుట్టిపెరిగినవారికి ఈ ముడి నీళ్ల విషయంలో పరిచితమే. 1855లో బెజవాడ దగ్గర ఆనకట్ట పూర్తికాకముందు ఇక్కడి సేద్యం వానల మీద, ఊరి చెరువుల మీద ఆధారపడింది. చెరువు ఊరిది. పూడిక తీయడం, గట్టు ఎత్తు చేయడం ఊరివారి వంతు. మద్రాసు ప్రెసిడెన్సీలో ఈ వంతుపనినే కుడిమరామత్తు అనేవారు. కాలువ వచ్చాక రైతు చూపు మబ్బు మీంచి లాకుల మీదికి మళ్లింది. అతన్నెవరూ మోసగించలేదు. వానకు లేని నికరం కాలువకు ఉంది, పూడిక తీసే వంతూ తప్పింది. దానికి బదులుగా అతని పంట దూరాన ఉన్న ఒక తూము మీద ఆధారపడింది. నీళ్లు ఎప్పుడు వదలాలో వేరేవారు నిర్ణయిస్తారు, శివారు రైతు అర్జీ పట్టుకుని తిరుగుతాడు. పెద్ద సర్వర్ మనకిచ్చే సుఖమూ, మన దగ్గర తీసుకునే మూల్యమూ ఇవే. పూడిక మనం తీయనక్కర్లేదు, తూము మన చేతిలో ఉండదు.

అయితే పెద్దది ప్రమాదం, చిన్నది క్షేమం అని ఇక్కడితో ముగిస్తే, ఆ నీళ్లే మన మాట కాదంటాయి. 1952లో ఆనకట్టకు గండి పడ్డప్పుడు డెల్టా మొత్తం ఎంతగా ఒక్క కట్టడాన్ని నమ్ముకుందో తెలిసింది. 1957 నాటికి దాని ఎగువన ప్రకాశం బ్యారేజీ లేచింది. 2024 సెప్టెంబరు మొదట్లో అదే బ్యారేజీ గుండా 11 లక్షల 43 వేల క్యూసెక్కుల వరద పారింది. కొట్టుకొచ్చిన పడవలు గేట్ల దగ్గరి కౌంటర్‌వెయిట్లను ఢీకొన్నాయి. జిల్లా అంతా బిక్కుబిక్కుమంటూ చూసింది. బ్యారేజీ నిలబడింది. విజయవాడ సింగ్‌నగర్‌ను రోజుల తరబడి ముంచింది కృష్ణానది కాదు, మామూలు రోజుల్లో పిల్లకాలువలా కనిపించే బుడమేరు. దాని డైవర్షన్ కాలువ గట్టుకు మూడు గండ్లు పడ్డాయి. పారే దారిలో ఏళ్లుగా ఆక్రమణలు పెరిగాయి. బ్యారేజీ మీద ఇంజనీర్ల కన్ను రాత్రింబవళ్లు ఉంది. బుడమేరు మీద అంత కన్ను లేదు. చిన్నదై ఉండటం వల్ల ఏదీ భద్రం కాదు, కనిపెట్టుకుని ఉండేవారు ఉంటేనే భద్రం. కాబట్టి సర్వర్ ఎంత పెద్దది అని అడిగేముందు, దాన్ని ఎవరు కనిపెట్టుకుని ఉన్నారు, వారిని అడిగే వీలు ఎవరికి ఉంది అని అడగాలి.

చిన్నచోట్ల మీద మన ప్రేమను ఇంకో వైపు నుంచి కూడా పరీక్షించాలి. భారత గ్రామాన్ని ఆదర్శంగా పొగిడేవారిని 1948 నవంబరు 4న రాజ్యాంగ సభలో అంబేడ్కర్ తీవ్రంగా ఖండించారు. ఊరు చిన్నదే, అందరికీ అందరూ తెలుసు. ఎవరు ఎక్కడ నిలబడాలో కూడా ఊరికి తెలుసు. మునసబు, కరణం పదవులను 1984లో ఎన్టీఆర్ ప్రభుత్వం రద్దుచేసేదాకా ఊరి లెక్క, ఊరి పెత్తనం చాలాచోట్ల వంశపారంపర్యంగా కొన్ని ఇళ్లలోనే ఉన్నాయి. చిన్న సర్వర్ నిర్వాహకుడు ఆధునిక మునసబు కాడని హామీ ఏమిటి? అతను కోరుకుంటే మన ఖాతా తీసేయగలడు. మాస్టొడాన్‌లో మనం పంపుకునే ప్రైవేటు సందేశాలు కూడా సాంకేతికంగా అతనికి అందనివి కావు. కులాన్ని, దేవుణ్ని, ప్రేమను గురించి తన సందేహాన్ని నిజాయతీగా రాయాలనుకునే అమ్మాయి, మేనమామ స్నేహితుడు నడిపే సర్వర్‌లో రాస్తుందా, లక్షలమందిలో తానెవరో తెలియనిచోట రాస్తుందా? ఊరు విడిచి పట్నం చేరినవారిలో ఎందరికో ఆ రద్దీయే మొదటి స్వేచ్ఛ. అంతరాత్మకు ఒక్కోసారి గుంపులోనే నీడ దొరుకుతుంది. జనం పెద్ద సర్వర్లలో చేరడాన్ని బలహీనత అనేవారు ఈ సంగతిని లెక్కలో వేసుకోవాలి.

మరి పోగవడంలో తప్పేమీ లేదా? విడిచి వెళ్లే దారి తెరిచి ఉంటే చాలదా అని ఒక వాదం ఉంది. దీనికి బలమైన ఉదాహరణ మన ఫోన్ నంబరే. 2011 జనవరి 20 నుంచి దేశమంతటా నంబరు మార్చుకోకుండానే కంపెనీ మారే వీలు వచ్చింది. మనం ఇప్పటికీ రెండు మూడు కంపెనీల దగ్గరే ఉన్నాం. అయినా నంబరు మనది కాబట్టి కంపెనీకి కొంత భయం ఉంది. యూపీఐలో యాప్ మారడం ఇంకా తేలిక, బ్యాంకు ఖాతా కదలనక్కర్లేదు. మాస్టొడాన్‌లో మారితే పాత రాతలు వదులుకోవాలి. జీమెయిల్ వదిలితే చిరునామానే వదులుకోవాలి. వాట్సాప్ వదిలితే దాదాపు అందరినీ వదులుకోవాలి. గుంపు ఎంత పెద్దది అన్నదానికంటే, దానిలోంచి బయటికి రావడానికి ఎంత పోగొట్టుకోవాలి అన్నది సరైన కొలత అనిపిస్తుంది.

ఈ కొలతలోనూ ఒక లోపం ఉంది. బయటికి రావడానికయ్యే మూల్యం నిలకడగా ఉండదు, చేరే ప్రతి మనిషితోనూ పెరుగుతుంది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2025 జనవరి 30న ‘మన మిత్ర’ పేరుతో 161 సేవలను వాట్సాప్‌లో ప్రారంభించింది. జనం ఎక్కడుంటే ప్రభుత్వం అక్కడికి వెళ్లడం సబబే. ఆఫీసు చుట్టూ తిరిగే ముసలాయనకు అది నిజమైన మేలు. మీసేవ, సచివాలయం వంటి దారులూ ఉన్నాయి. అయినా ప్రభుత్వమే ఆ గుంపులో చేరాక, వాట్సాప్ వద్దనుకునే పౌరుడి పట్టుదల నిన్నటికంటే కాస్త ఖరీదైనదవుతుంది. ఇంటి గ్రూపు, బడి గ్రూపు, అపార్ట్‌మెంట్ గ్రూపు పెట్టినప్పుడు మనమూ ఇదే చేస్తున్నాం. మన సౌకర్యం కోసం చేసిన ఎంపిక ఇంకొకరి ఎంపికను కొంచెం కుదిస్తుంది. దీన్ని నేరం అనలేం. ప్రభావం ఏమీ లేదనీ అనలేం. నీతి ఎక్కువగా పనిచేయాల్సింది నేరానికీ నిష్పూచీకీ మధ్య ఉన్న ఇలాంటి చోట్లలోనే.

ఇలాంటి ప్రశ్నలతో ఈ ప్రాంతంలో కంప్యూటర్లు రాకముందే పెనుగులాడినవారున్నారు. మానవవాద తత్వవేత్త ఎం.ఎన్. రాయ్ 1946లో ముందుకు తెచ్చిన 22 సూత్రాల్లో, అధికారం స్థానిక ప్రజాసంఘాల నుంచి పైకి పారాలన్నారు. 1948 డిసెంబరులో తన సొంత రాడికల్ డెమోక్రటిక్ పార్టీనే రద్దుచేశారు. ఆ మానవవాదం తెనాలిలో ఆవుల గోపాలకృష్ణమూర్తి వంటివారి ద్వారా డెల్టాలో వేళ్లూనింది. 1940లో ముదునూరులో నాస్తిక కేంద్రం స్థాపించి, 1947లో దాన్ని విజయవాడ పటమటకు తెచ్చిన గోరా పార్టీరహిత ప్రజాస్వామ్యాన్ని బోధించారు. పక్కనే ఉన్న గన్నవరం 1955లో, 1962లో, 1978లో కమ్యూనిస్టు నాయకుడు పుచ్చలపల్లి సుందరయ్యను శాసనసభకు పంపింది. పేదవాడి బలం క్రమశిక్షణ గల పార్టీలోనే ఉందని నమ్మినవాడు ఆయన. రెండు నమ్మకాల వెనకా త్యాగం ఉంది, రెండింటి ఆశయమూ మనిషి తలెత్తుకుని బతకడమే. ఓటర్లు మాత్రం పార్టీల్లోనే పోగయ్యారు. ప్రజాసంఘం నడవాలంటే ప్రతి మనిషీ సాయంత్రాలు ఇవ్వాలి. చదవాలి, వాదించాలి, లెక్కలు చూడాలి, నచ్చనివాడి మాటా వినాలి. పార్టీ ఆ పనంతా తన మీద వేసుకుని మన దగ్గర ఓటు మాత్రం అడుగుతుంది.

అయితే రాయ్, గోరాలు చెప్పింది జనానికి చేతకాలేదని తేల్చేస్తే మనం మొదటి జవాబుకే, గొర్రెదాటుకే తిరిగి వెళ్లినట్టు. రోజంతా నాట్లు వేసి నడుం పట్టేసిన కూలీని రాత్రి సమావేశానికి రాలేదని తప్పుపట్టడం న్యాయమా? తీరిక కూడా ఒక ఆస్తే, అది అందరికీ సమానంగా పంచి లేదు. వికేంద్రీకరణ కోరే శ్రమను చూడకుండా దాన్ని పొగిడితే, చివరికి అది తీరికున్నవారి రాజ్యం అవుతుంది. సర్వర్ల లోకంలోనూ అంతే. నిర్వహణ చేతనై, రాత్రిళ్లు ఖాళీ ఉండి, అద్దె కట్టగలవారే నిర్వాహకులవుతున్నారు. కేంద్రం చేతిలోని అధికారాన్ని చీల్చడం ఒక ఎత్తు, చీల్చిన ముక్కలు కొద్దిమంది చేతుల్లోనే పడకుండా చూడటం ఇంకో ఎత్తు. మొదటిదాని గురించి మాట్లాడినంతగా రెండోదాని గురించి మనం మాట్లాడుకోలేదు.

భారాన్ని పలచగా పంచుకున్న అనుభవం మనకు లేకపోలేదు. 1914లో బెజవాడలో అయ్యంకి వెంకటరమణయ్య ప్రభృతుల పూనికతో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం ఏర్పడింది. ఊళ్లలో గ్రంథాలయాలు చిన్నవి. చందాలతో, ఇచ్చిపుచ్చుకున్న పుస్తకాలతో నడిచేవి. ఏ ఊరి గ్రంథాలయం ఆ ఊరిదే, సంఘం వాటిని కలిపి ఉంచింది. తీరికున్నవాడు తాళంచెవి బాధ్యత తీసుకున్నాడు, లేనివాడు వచ్చి పత్రిక చదువుకున్నాడు. తర్వాత గ్రంథాలయ చట్టం కింద ఆస్తిపన్నుతో పాటు సెస్సు వచ్చింది. పనిలో వంతు కాస్తా డబ్బులో వంతుగా మారింది. ఆ మార్పులో ఊరివారి చొరవ కొంత తగ్గింది, చదివేవాడి హక్కు కొంత స్థిరపడింది. రెండూ నిజాలే. మాస్టొడాన్ లోకంలో సోషల్ డాట్ కోప్ అనే సర్వర్ ఇలాంటి దారిలోనే ఉంది. సభ్యులే చందాలు వేసుకుని, నియమాలు తీర్మానించుకుని సహకార సంఘంగా దాన్ని నడుపుకుంటున్నారు. అది మాస్టొడాన్ డాట్ సోషల్ అంత పెద్దదీ కాదు, ఒంటరి మనిషి ఓపిక మీద నిలిచినదీ కాదు.

ఇప్పుడు తొలి ప్రశ్నకు కొంతవరకైనా జవాబు చెప్పుకోవచ్చు. స్వేచ్ఛ ఉండి కూడా మనం ఒకేచోట పోగవడానికి కారణం సగం కట్టడంలో ఉంది, సగం మనలో ఉంది. కట్టినవారు మనకు విడిపోయే హక్కు ఇచ్చారు. విడిపోయినచోట నిలదొక్కుకునే ఏర్పాటు ఇవ్వలేదు. మనం ఆ హక్కును మెచ్చుకున్నాం, ఏర్పాటు చేసుకునే వంతు తీసుకోలేదు. ఒంటరిగా తీసుకోలేం కూడా. పెద్ద సర్వర్ ఈ రెండు లోట్ల మధ్య పెరిగింది. దాన్ని తిట్టడం వల్ల ఈ రెండింటిలో ఏదీ తీరదు.

రేపు గన్నవరంలో పదిమంది కలిసి ఒక తెలుగు సర్వర్ పెట్టాలనుకుంటే నైపుణ్యానికి కొరత లేదు. కేసరపల్లి ఐటీ టవర్లలోని ఏ కుర్రాడైనా సెలవురోజు ఒక పూట కూర్చుంటే పెట్టేయగలడు. కష్టమంతా తర్వాత ఉంటుంది. సంక్రాంతి రాత్రి వచ్చిన ఫిర్యాదును ఎవరు చూడాలి? మూడో ఏడు కూడా చందా ఎవరు వసూలు చేయాలి? నిర్వాహకుడే తప్పు చేస్తే అతన్ని దించే నియమం ముందే ఎవరు రాయాలి? ఆ వంతుల జాబితాలో మన పేరు రాసుకోగలమా అన్నది మనమే తేల్చుకోవాలి. రాసుకోలేకపోతే పెద్ద సర్వర్‌లో ఉండటం పాపమేమీ కాదు. అక్కడ ఉంటూనే కొన్ని పనులు చేయొచ్చు. మన రాతల నకలు మన దగ్గర ఉంచుకోవచ్చు. దాన్ని నడిపేవారిని ప్రశ్నించే దారి ఉందో లేదో చూసుకోవచ్చు, లేకపోతే అడగొచ్చు. గ్రూపులో లేనివారికి కూడా కబురు అందేలా ఒక ఫోన్ చేయొచ్చు. చిన్నచోటు నడుపుతున్నవారికి ఓ టీ ఖర్చంత చందా పంపొచ్చు. ఇంతమాత్రాన గుంపు చెదిరిపోదు. గుంపులో ఉంటూనే వేరేవారి దారి మూసేయకుండా బతకడానికి మాత్రం ఇది సరిపోతుంది. అంతకుమించి చేయగలిగినవారు అంతకుమించి చేయాలి.